పాతికేళ్ళ ఊపిరి



ఈ వారం ఒక ట్రంపెట్ వాయిద్యకారుడి గురించి రాస్తున్నాం. ఆయన పాస్టరు కాదు, సువార్తికుడు కాదు. అమెరికాలో రాత్రిపూట క్లబ్బుల్లో, సిగరెట్ పొగల మధ్య జాజ్ వాయించి బతికిన నల్లజాతి యువకుడు. పేరు క్లిఫర్డ్ బ్రౌన్. తోటివాళ్ళు ముద్దుగా బ్రౌనీ అనేవారు. 1930 అక్టోబరు 30న పుట్టాడు, 1956 జూన్ 26న చనిపోయాడు. లెక్క వేసుకుంటే ఇరవై ఆరేళ్ళు కూడా నిండలేదు. రికార్డుల్లో మనకు మిగిలింది దాదాపు నాలుగేళ్ళ వాయిద్యం మాత్రమే. రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక, ఫోను మంచం మీద పెట్టుకుని మేమిద్దరం వినే సంగీతంలో ఆయనది ఎప్పుడూ ఉంటుంది. ఆ సంగీతమంటే మాకు ఎంత ఇష్టమో, ఆయన బతికిన తీరంటే అంతకంటే ఎక్కువ గౌరవం.

జాజ్ అంటే ఏమిటండీ అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాన న్యూ ఆర్లియన్స్ పట్టణంలో నల్లవారి మధ్య ఎదిగిన సంగీతం అది. బానిసత్వం పోయినా అవమానం పోని రోజులు. చర్చిలో పాడుకున్న పాటలు, పొలాల్లో పని చేస్తూ పాడుకున్న పాటలు, శవయాత్రల్లో నడిచిన బ్యాండు మేళాలు, ఇవన్నీ అందులో కలిశాయి. పద్ధతి ఏమిటంటే, ముందు అందరూ కలిసి పాట వరసను ఒకసారి వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ ముందుకొచ్చి, తాళం తప్పకుండా, అదే పాట మీద అప్పటికప్పుడు తమకు తోచిన కొత్త వరసలు అల్లుతారు. మిగతావాళ్ళు వెనక ఆసరాగా నిలబడతారు. కాగితం మీద రాసుకున్నది చూసి వాయించడం కాదు. ఆ ఘడియలో మనిషి లోపల ఏముందో అదే బయటికొస్తుంది. మన కూటాల్లో సాక్ష్యం చెప్పడానికి ఒకరు లేచి నిలబడతారే, కాస్త అలాంటిదే అనుకోండి.

పైగా ట్రంపెట్ దాపరికం ఎరగని వాయిద్యం. దానికి మీటలు మూడే. స్వరాలన్నీ ఆ మూడు మీటల మీదా, పెదవుల బిగువు మీదా, ఊపిరి మీదా ఆధారపడతాయి. పెదవుల్ని ఇత్తడి మూతికి ఆనించి ఊదితే అవి అదురుతాయి. ఆ అదురే గొట్టంలోకి వెళ్ళి నాదమవుతుంది. మీటలు కదపకుండానే పెదవి బిగిస్తే పై స్వరం పలుకుతుంది, వదిలితే కింది స్వరం పలుకుతుంది. పెదవి అలిసినా, ఊపిరి తగ్గినా వినేవాడికి వెంటనే తెలిసిపోతుంది.

క్లిఫర్డ్ డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్ పట్టణంలో పుట్టాడు. ఎనిమిది మంది పిల్లల్లో అందరికంటే చిన్నవాడు. తండ్రి సరదా కోసం ఇంట్లో వాయిద్యాలు పెట్టుకునేవాడు. వాటిలో మెరిసే ట్రంపెట్ మీద ఈ చిన్నవాడి కన్ను పడింది. అదే ఊరిలో రాబర్ట్ లోరీ అనే గురువు దొరికాడు. విల్మింగ్టన్ నల్లపిల్లలకు ఎందరికో ఆయనే సంగీతం నేర్పాడు. క్లిఫర్డ్ చదువులోనూ గట్టివాడు. కాలేజీలో మొదట చేరింది గణితంలో. లెక్కలన్నా, చదరంగమన్నా ఆయనకు చివరిదాకా ఇష్టమే. తర్వాత సంగీతం చదువు కోసం మేరీలాండ్ వెళ్ళాడు.

1950 జూన్‌లో ఒక రాత్రి కచేరీ ముగించుకుని వస్తుంటే కారు ప్రమాదం జరిగింది. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు నెలల తరబడి ఆసుపత్రి మంచం మీదే ఉన్నాడు. ఇంటికొచ్చాక కూడా చాలాకాలం ట్రంపెట్ పట్టుకోలేకపోయాడు. ఖాళీగా కూర్చోలేక పియానో మీద సాధన చేసేవాడు. అప్పటికే పేరుమోసిన ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ ఆయన్ని చూడటానికి ఆసుపత్రికి వచ్చి, వదిలిపెట్టొద్దు, మళ్ళీ వాయించు అని ధైర్యం చెప్పాడు. రోగిని పరామర్శించడం చిన్న పని అనుకునేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆ మంచం పక్కన నిలబడి ఒక పెద్దమనిషి చెప్పిన నాలుగు మాటల వల్ల కూడా ఈ రోజు మనకు ఈ సంగీతం మిగిలింది.

క్లిఫర్డ్ ఆసుపత్రిలో ఉన్న ఆ రోజుల్లోనే, జూలై నెలలో, ఆయన ఎంతో అభిమానించిన మరో ట్రంపెట్ వాయిద్యకారుడు ఫ్యాట్స్ నవారో చనిపోయాడు. ఫిలడెల్ఫియాలో క్లిఫర్డ్ వాయిద్యం విని వెన్ను తట్టిన మనిషి. వయసు 26. క్షయ రోగం ఒకవైపు, హెరాయిన్ మరోవైపు ఆయన్ని తినేశాయి. ఆ తరం జాజ్ వాళ్ళను ఆ మత్తుమందు ఊళ్ళమీద పడ్డ కలరాలా పట్టుకుంది. అందరికంటే గొప్పవాడనిపించుకున్న శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ కూడా దానికి బానిసే. 1955 మార్చిలో 34 ఏళ్ళకే పోయాడు. కుర్రవాళ్ళలో ఒక పిచ్చి నమ్మకం పాకింది. పార్కర్‌లా వాయించాలంటే పార్కర్ ఎక్కించుకున్న సూదే ఎక్కించుకోవాలని.

ఇది ఎక్కడో జరిగిన కథ అనుకోకండి. మన సంఘంలోనే బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయించే కుర్రాడు ఒకడున్నాడు. పెళ్ళి ఊరేగింపు మొదలుకాకముందే సీసా చేతికిస్తారని, చుక్క పడకపోతే దమ్ము నిలవదని పెద్దవాళ్ళే నేర్పుతారని మాతో చెప్పాడు. "తాగకుండా గొప్పగా వాయించినోడు ఎవడైనా ఉన్నాడా అయ్యగారూ?" అని అడిగాడు. వెటకారానికి అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. మేము ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. క్లిఫర్డ్ 1955 ఫిబ్రవరిలో రికార్డు చేసిన "చెరొకీ" అనే పాట పెట్టి వినిపించాం. గుర్రం దౌడు తీసినట్టు పోతుంది ఆ పాట. వాడు కళ్ళు మూసుకుని రెండుసార్లు విన్నాడు. తర్వాత, "మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకుంటన్నాడండీ?" అన్నాడు. అది పని తెలిసినవాడి ప్రశ్న. మేము చెప్పాం, ఈయనకు మత్తుమందు అలవాటు లేదు, తాగుడు మీద మోజు లేదు, ఉన్నదల్లా సాధన ఒక్కటే అని. వాడు ఏమీ మాట్లాడలేదు. పాట పేరు మాత్రం ఫోనులో రాసుకుని వెళ్ళాడు.

ఆ సంగీతం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పడం కష్టమే, అయినా ప్రయత్నిస్తాం. చెరిగి, రాళ్ళేరి, కడిగిన బియ్యం చూడండి, గింజ గింజా విడిగా కనిపిస్తుంది. ఎంత వేగంగా వాయించినా క్లిఫర్డ్ స్వరాలు అలా ఉంటాయి. ఒక స్వరం ఇంకోదాని మీద పడదు, సగంలో తెగదు. నాదం సన్నగా గీసుకుపోదు, నిండుగా, వెచ్చగా ఉంటుంది. 1955 జనవరిలో వయొలిన్ల బృందంతో కలిసి నెమ్మది పాటలు కొన్ని రికార్డు చేశాడు. వాటిలో తన నేర్పు చూపించుకోవాలని ఎక్కడా తాపత్రయపడడు. పాటను పాటగానే, కొత్తగా ఏమీ కలపకుండా, ఒక్కొక్క స్వరాన్నీ ప్రేమగా పలికించి ఊరుకుంటాడు. అంత చేతనైనవాడు అంత తగ్గి వాయించడం మాకు ఎప్పుడు విన్నా ఆశ్చర్యమే.

"జాయ్ స్ప్రింగ్" అని ఆయన సొంతంగా కట్టిన పాట ఒకటుంది. సంతోషపు ఊట అని అర్థం చెప్పుకోవచ్చు. భార్య లారూను ఆయన పిలుచుకున్న పేరది. 1954లో పెళ్ళి చేసుకున్నారు. ఆ పాటలో ఏడుపు లేదు, గొప్పలు లేవు. ఇంటికి వెళ్ళబోతున్న మనిషి నడకలో ఉండే హుషారు ఉంటుంది.

ఇక ఆయన గుణం. 1953లో లయనల్ హాంప్టన్ అనే ఆయన పెద్ద బృందంతో యూరప్ వెళ్ళాడు క్లిఫర్డ్. ఆ బృందంలో ట్రంపెట్ వరసలో పక్కనే ఆర్ట్ ఫార్మర్ ఉండేవాడు. ఆయనా మంచి విద్వాంసుడే. పక్కవాడు ప్రతి రాత్రీ తనకంటే బాగా వాయిస్తుంటే ఎలా ఉంటుందో పాటలు పాడేవాళ్ళకూ, ప్రసంగాలు చేసేవాళ్ళకూ కూడా బాగా తెలుసు. ఫార్మర్ తర్వాత రోజుల్లో దాచుకోకుండా చెప్పాడు. ట్రంపెట్ వాయించేవాడిగా తనకు క్లిఫర్డ్ వల్ల ఎంతో కష్టమయ్యిందట, అయినా అంత మంచి మనిషిని ప్రేమించక తప్పలేదట. అసూయను కూడా ఓడించే మంచితనం ఎంత అరుదో మన సంఘాల్లో పాటల బృందాలను నడిపినవాళ్ళను అడగండి.

అంతకంటే పెద్ద సంగతి సోనీ రోలిన్స్‌ది. శాక్సఫోన్ వాయించేవాడు. వయసులో క్లిఫర్డ్ కంటే రెండు నెలలు కూడా పెద్ద కాదు. కుర్రతనంలోనే హెరాయిన్‌లో పడ్డాడు, జైలుకు కూడా వెళ్ళాడు. 1955లో కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లోని ప్రభుత్వ వైద్యశాలలో చేరి ఆ అలవాటు మానుకున్నాడు. బయటికొచ్చి షికాగోలో కూలిపనులు చేసుకుంటూ ఉన్నాడు. మళ్ళీ క్లబ్బు గడప తొక్కితే పాత స్నేహాలు, పాత సరుకు ఎదురొస్తాయని భయం. తాగుడు మానినవాళ్ళ ఇళ్ళకు మేము వెళ్తుంటాం కాబట్టి ఆ భయం మాకు తెలుసు. మానిన రోజు కాదు కష్టం, మానిన తర్వాత పాత దారినే మళ్ళీ పనికి వెళ్ళాల్సిన రోజు కష్టం.

ఆ ఏడాది చివర్లో, డ్రమ్ములు వాయించే మాక్స్ రోచ్‌తో కలిసి క్లిఫర్డ్ నడుపుతున్న బృందంలో శాక్సఫోన్ చోటు ఖాళీ అయింది. రోలిన్స్ అందులో చేరాడు. ప్రతి రాత్రీ పక్కన నిలబడి వాయిస్తున్నవాడిని చూశాడు. మత్తు లేకుండా, గర్వం లేకుండా, సాధన మానకుండా, అందరికంటే బాగా వాయిస్తున్న తన ఈడువాడిని చూశాడు. మంచిగా, శుభ్రంగా బతుకుతూ కూడా గొప్ప జాజ్ విద్వాంసుడు కావచ్చని తనకు చూపించినవాడు క్లిఫర్డ్ అని, తన జీవితం మీద ఆయన ప్రభావం చాలా లోతైనదని రోలిన్స్ తర్వాత చెప్పాడు. 1956 జూన్ 22న రోలిన్స్ మాక్స్ రోచ్‌తో కలిసి తన ఆల్బమ్ ఒకటి రికార్డు చేశాడు. ఈనాటికీ జాజ్ తెలిసినవాళ్ళు అతని పనిలో ముందు చెప్పుకునేది దాన్నే. ఆ మనిషి తొంభై ఏళ్ళు దాటాడు.

ఆ రికార్డింగు జరిగిన నాలుగు రోజులకు క్లిఫర్డ్ వెళ్ళిపోయాడు. ఫిలడెల్ఫియా నుంచి షికాగోలో కచేరీకి బయల్దేరారు. వాన కురుస్తున్న రాత్రి. బృందంలో పియానో వాయించే రిచీ పవెల్, అతని భార్య నాన్సీ, క్లిఫర్డ్, ముగ్గురూ ఒక కారులో ఉన్నారు. బండి నాన్సీ నడుపుతోంది. పెన్సిల్వేనియా పెద్దరోడ్డు మీద కారు అదుపు తప్పి దొర్లిపోయింది. ముగ్గురూ అక్కడికక్కడే చనిపోయారు. లారూ ఆ కారులో లేదు. ఆమె చేతిలో ఏడాది నిండని కొడుకు. ఆ రోజు వాళ్ళ రెండో పెళ్ళిరోజు.

ఇక్కడ మేము ఆగిపోతాం, ఎప్పుడు చదివినా. మత్తుకు బానిసై పోయినవాళ్ళ గురించి బోధించడం తేలిక. ఒక్క చుక్క విషం ఒంట్లోకి పోనివ్వకుండా జాగ్రత్తగా బతికినవాడు వాన రాత్రి రోడ్డు మీద పోతే ఏం చెప్పాలి? పోయిన వానాకాలంలో మన సంఘంలో ఒక తల్లి మమ్మల్ని ఇదే అడిగింది. ఆమె కొడుకు డ్యూటీ నుంచి బండి మీద వస్తూ హైవే మీద పోయాడు. "అయ్యగారూ, అమ్మగారూ, నా కొడుకు బీడీ కూడా ముట్టలేదే. తాగి పడిపోయేవాళ్ళంతా అరుగుల మీద కూర్చునే ఉన్నారే" అంది. ఆమె పక్కన చాప మీద కూర్చున్నాం. ఆ పూట మా దగ్గర జవాబు లేదు. ఉందని ఇప్పుడు కూడా చెప్పం.

ఒక్క మాట మాత్రం క్లిఫర్డ్ జీవితం దగ్గర మాకు కొంచెం కొంచెంగా అర్థమవుతూ వచ్చింది. మంచి బతుకు చీటీ కాదు. నెలనెలా ఇంత కడితే ఆఖరికి ఇంత చేతికొస్తుందని లెక్క చూసుకునేది కాదు. ఇన్నేళ్ళు శుభ్రంగా ఉన్నాను కాబట్టి ఇన్నేళ్ళ ఆయుష్షు నాకు రావాలి అని దేవుడితో బేరం పెట్టుకుంటే, మొదటి ప్రమాదంలోనే మన విశ్వాసం కూలిపోతుంది. క్లిఫర్డ్ ఆయుష్షు కోసం అలా బతికినట్టు మాకు కనిపించదు. ఆ సంగీతాన్ని ప్రేమించాడు, పక్కవాళ్ళను ప్రేమించాడు, ఆ ప్రేమకు అడ్డం వచ్చేదాన్ని దగ్గరికి రానివ్వలేదు, అంతే. ఆయన మంచితనం ఆయనకు పాతికేళ్ళే ఉపయోగపడింది. పక్కవాడికి మాత్రం దశాబ్దాల తరబడి ఉపయోగపడింది. తాను పుట్టించిన నీటిని ఊట తాగదు కదా.

ఆ చావు వార్త న్యూయార్క్‌లో హార్లెం పేటలోని అపోలో థియేటర్‌కు చేరేసరికి అక్కడ డిజ్జీ గిలెస్పీ బృందం కచేరీలో ఉంది. ఆరేళ్ళ క్రితం ఆసుపత్రి మంచం దగ్గర ధైర్యం చెప్పింది ఆ గిలెస్పీయే. బృందంలోని వాళ్ళు ఏడుస్తూనే మళ్ళీ వేదిక ఎక్కి వాయించాల్సి వచ్చింది. వాళ్ళలో బెన్నీ గోల్సన్ అనే శాక్సఫోన్ వాయించే యువకుడు తర్వాత కూర్చుని, స్నేహితుడి జ్ఞాపకంగా ఒక పాట కట్టాడు. పేరు "ఐ రిమెంబర్ క్లిఫర్డ్". క్లిఫర్డ్ నాకు గుర్తున్నాడు అని. మరుసటి ఏడాది నుంచే ట్రంపెట్ వాయించేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు దాన్ని వాయించడం మొదలుపెట్టారు. ఇప్పటికీ వాయిస్తూనే ఉన్నారు. మాక్స్ రోచ్ మాత్రం ఆ దెబ్బ నుంచి చాలాకాలం కోలుకోలేకపోయాడు. లారూ భర్త జ్ఞాపకాన్ని, సంగీతాన్ని జీవితమంతా కాపాడుకుంటూ వచ్చింది. ఆ పసివాడు పెద్దవాడై రేడియోలో జాజ్ వినిపించే పనిలోకి వెళ్ళాడు. విల్మింగ్టన్ ఊరు ఆయన పేరు మీద ఏటా జాజ్ ఉత్సవం జరుపుకుంటోంది.

కొడుకును పోగొట్టుకున్న ఆ తల్లి గురించి కూడా చెప్పాలి. ఆ అబ్బాయి బతికున్నప్పుడు శనివారం సాయంత్రాలు చర్చిలో ముగ్గురు పిల్లలకు డోలక్ నేర్పేవాడు. డబ్బులు తీసుకునేవాడు కాదు. ఆ ముగ్గురే ఇప్పుడు ఆదివారం ఆరాధనలో వాయిస్తున్నారు. మొదట్లో ఆ చప్పుడు వినలేక ఆమె బయటికి వెళ్ళి వేపచెట్టు కింద కూర్చునేది. ఈ మధ్య లోపలే ఉంటోంది. మొన్న ఆదివారం, వాళ్ళలో చిన్నవాడు తాళం తొందరపడితే, తల ఊపి నెమ్మదించమని సైగ చేసింది. కొడుకు అలాగే చేసేవాడట. ఆమె దుఃఖం తీరిందని మేము అనడం లేదు. అది తీరేది కాదు. కానీ ఆ అబ్బాయి నేర్పింది ఆ పిల్లల చేతుల్లో ఉంది, దాన్ని ఏ రోడ్డూ తీసుకోలేకపోయింది.

క్లిఫర్డ్‌ను భక్తుడని మేము పటం కట్టి గోడకు తగిలించడం లేదు. ఆయన హృదయం ఆయన్ని చేసినవాడికి తెలుసు. మేము చూసింది పని పట్ల నిజాయితీని, తోటివాడి పట్ల ప్రేమను. అవి ఎక్కడ కనిపించినా, క్లబ్బులో కనిపించినా, కళ్ళంలో కనిపించినా, ఆ వెలుగు ఎక్కడినుంచి వస్తుందో మనకు తెలుసు కాబట్టి సంతోషించి స్తోత్రం చెల్లిద్దాం.

యవనస్థులారా, మీతో ఒక మాట. బ్యాండులో ఉన్నా, డ్రైవింగులో ఉన్నా, హాస్టలు గదిలో ఉన్నా, అందరూ చేసేదే నువ్వూ చేయాలి, లేకపోతే ఈ పనికి పనికిరావు అని చెప్పేవాళ్ళు ఉంటారు. వాళ్ళతో వాదించకండి. మీ పని అందరికంటే బాగా చేయండి, ఒళ్ళు శుభ్రంగా ఉంచుకోండి, పక్కన నిలబడ్డవాడిని ప్రేమించండి. ఈ మధ్యనే మానుకుని, మళ్ళీ పడిపోతానేమో అని భయపడుతున్నవాడు ఒకడు మీ పక్కనే ఉండి మిమ్మల్ని చూస్తూ ఉండొచ్చు. అతను ఎవరో మీకు ఎప్పటికీ తెలియకపోవచ్చు.

వీలు చూసుకుని ఒక సాయంత్రం "జాయ్ స్ప్రింగ్" వినండి. ఏడు నిమిషాలు కూడా పట్టదు. విన్న తర్వాత, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల కోసం, తాగుడు మానాలని పోరాడుతున్నవాళ్ళ కోసం, రాత్రిపూట రోడ్ల మీద తిరిగే మన పిల్లలందరి కోసం రెండు నిమిషాలు ప్రార్థన చేయండి. మీకోసం మేమూ చేస్తున్నాం.

ప్రభువు కృప మీకు తోడై ఉండును గాక. ఆమేన్.

మీ అయ్యగారు, అమ్మగారు